గుహలో మనిషి, పేజీలో జాగా

డెస్కులో పనిచేసే రోజుల్లో ఓ రాత్రి, బోరుబావిలో పిల్లాడు పడ్డాడన్న వార్తకు రెండు హెడ్డింగులు కట్టి పెట్టుకున్నాను. బతికితే ఒకటి, లేకపోతే ఇంకొకటి. రెండోదే బాగా కుదిరింది. ఎడిషన్ వెళ్లేలోపే పిల్లాణ్ని క్షేమంగా బయటికి తీశారని స్ట్రింగర్ ఫోన్ చేశాడు. హమ్మయ్య అనుకున్నాను. కానీ అంతకు ఒక్క క్షణం ముందు, అంత మంచి హెడ్డింగూ వృథా అయిందే అని మనసు పీకింది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

బిల్లీ వైల్డర్ తీసిన 'ఏస్ ఇన్ ద హోల్' (1951) చూసినప్పుడల్లా ఆ క్షణమే గుర్తొస్తుంది. పెద్ద పత్రికలన్నీ గెంటేస్తే ఆల్బకర్కీలో ఓ చిన్న పేపర్లో చేరిన విలేకరి చక్ టేటమ్. ఆ వేషం కర్క్ డగ్లస్‌ది. గుహ కూలి లియో అనే అతను లోపల ఇరుక్కుంటాడు. గోడలకు ఊతాలు పెట్టుకుంటూ వెళ్తే ఒక్కరోజు కూడా పట్టని పని. టేటమ్ షెరీఫ్‌ను బుట్టలో వేసుకుని, కొండ మీంచి డ్రిల్లింగు చేయిస్తాడు. ఇక వారం పాటు మొదటి పేజీ అతనిదే. బయట జాతర మొదలవుతుంది. ఊరికే చూడగలిగిన కొండకు డాలరు టిక్కెట్టు పెడతారు.

టేటమ్ అబద్ధాలూ రాస్తాడు. ఏడుపు రాని భార్యను కుమిలిపోతున్న ఇల్లాలిగా చూపిస్తాడు, కొండకు శాపం అంటగడతాడు. నా లెక్కలో అవి చిల్లర నేరాలు. ఫాలోఅప్ కోసం ఒక మనిషి ఊపిరిని సాగదీశాడే, అదీ అసలుది. లియో బయటికి రాలేదు.

ఈ కథకు వెనక నిజంగా ఒక గుహ ఉంది. 1925లో కెంటకీలో ఫ్లాయిడ్ కాలిన్స్ చిక్కుకున్నప్పుడు, లూయీవిల్ కొరియర్-జర్నల్ విలేకరి విలియం మిల్లర్ సన్నగా ఉండటంతో తానే పాకుతూ లోపలికి వెళ్లాడు. తిండి అందించాడు, జాకీతో బండను లేపాలని చూశాడు. కాలిన్స్ దక్కలేదు. మరుసటేడు మిల్లర్‌కు పులిట్జర్ వచ్చింది. సినిమాలో టేటమ్ కూడా ఈ కథ తలుచుకుంటాడు. అతనికి బహుమతి గుర్తుంది. జాకీ గుర్తులేదు.

అతన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. బోరుబావి పిల్లాడి వార్తకు ఆ మర్నాడు పేపర్లో అచ్చయిన హెడ్డింగు ఏమిటో ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదు. అచ్చవనిది మాత్రం కామాతో సహా గుర్తుంది.