రెండంగుళాల గొట్టం

ఠాణాలో రివాల్వర్ అప్పజెప్పి, రసీదు చొక్కా జేబులో పెట్టుకుని, బాగేపల్లి బస్టాండు దగ్గర టీ తాగుతుంటే డల్లాస్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. 2024 మార్చి నెలాఖరు అది. చిక్కబళ్లాపురం లోక్‌సభ స్థానానికి ఏప్రిల్ 26న పోలింగు. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకీ తెచ్చి అప్పగించమని మాకు కబురొస్తుంది. ఓట్ల పండగకి అందరూ బయటికొస్తే, అది మాత్రం బీరువాలోకి పోతుంది.

"మామా, ఒక చిన్న రివాల్వర్ తీసుకుందామనుకుంటాండా. రెండించీల గొట్టం, మ్యాగ్నమ్. ప్యాంటు జేబులో పడతాది. నువ్వేమంటావు?"

వాడు పుట్టి పెరిగింది చింతామణిలో. ఇప్పుడు డల్లాస్‌లో పెట్రోలు బంకులో వాటా ఉంది. రాత్రి పదకొండుకి గల్లా కట్టి ఒక్కడే కారు దాకా నడవాలి. అడగడానికి కారణం ఉంది. అడిగే హక్కు కూడా ఈ మధ్యే వచ్చింది. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం సాధారణంగా ఒప్పుకోదు. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప. వాడికి గ్రీన్ కార్డు వచ్చింది. ఇక టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకోదగిన 21 ఏళ్లు నిండినవాళ్లు చేతితుపాకీ వెంట పెట్టుకోవడానికి విడిగా పర్మిట్ కూడా అక్కర్లేదు.

నాకున్నది మా నాయన వదిలిపోయిన .32 రివాల్వర్, కాన్పూరు ప్రభుత్వ కర్మాగారంలో చేసినది. ఆయన మల్బరీ తోట పెట్టి, పట్టుగూళ్లు శిడ్లఘట్ట మార్కెట్‌లో అమ్మి, ఆ డబ్బు పంచె మడతలో కట్టుకుని బస్సులో ఇంటికొచ్చేవాడు. ఆ భయంతోనే లైసెన్సుకి అర్జీ పెట్టాడు. అప్పటికి మాది కోలారు జిల్లా. చిక్కబళ్లాపురం వేరు జిల్లా అయ్యింది 2007లో. నాకు తెలిసి ఆయన దాన్ని మనిషి మీదికి ఒక్కసారీ తీయలేదు. ఆయన పోయాక వారసుడిగా దరఖాస్తు పెట్టుకుని నా పేరు మీదికి మార్చుకున్నాను.

ఎందుకు .32 అని మావాడు చాలాసార్లు నవ్వాడు. మనకి ఆ తూటా ఇష్టమై కాదు. సైన్యం, పోలీసులు వాడే కొలతల్ని, అంటే .303, .38, .455, 9 ఎంఎం వంటివాటిని, ప్రభుత్వం మామూలు జనానికి లేకుండా చేసింది. మిగిలిన సందులో ఇమిడింది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. 1896లో పుట్టిన తూటా. సీసపు గుండు, నెమ్మది నడక, చిన్న తన్ను. 1980ల నడుమ విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకి మూసేశాక, అంతకుముందు వచ్చినవి చేతులు మారుతూ బంగారం ధర పలుకుతున్నాయి. కొత్తది కావాలంటే ప్రభుత్వ కర్మాగారాలదో, ఈమధ్య ఉత్తరప్రదేశ్ సండీలాలో తయారవుతున్న వెబ్లీ లాంటిదో కొనుక్కోవాలి. 2014లో కాన్పూరు వాళ్లు అరకిలో బరువుతో 'నిర్భీక్' తెచ్చారు. ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచారం తరవాత ఆడవాళ్ల రక్షణకని ప్రచారం. అప్పటి ధర లక్షా ఇరవై వేల పైన. ఆ ధర పెట్టి కొనగలిగిన ఆడమనిషి రాత్రి సిటీ బస్సు కోసం నిలబడే మనిషి కాదన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టినట్టు లేదు.

సరే, మ్యాగ్నమ్ సంగతి. ఆ పేరే మనుషుల్ని మత్తెక్కిస్తుంది. .357 మ్యాగ్నమ్ 1935లో స్మిత్ అండ్ వెస్సన్, వించెస్టర్ కలిసి తెచ్చినది. అప్పటి .38 స్పెషల్ తూటా గుల్లకే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు పొడవు పెంచారు. ఆ పొడవు మందు పోయడానికి చోటు లేక కాదు. ఎక్కువ మందు కూరిన ఈ తూటా పొరపాటున పాత .38 రివాల్వర్‌లో దూరి దాన్ని పగలగొట్టకుండా. అందుకే .38 తూటా మ్యాగ్నమ్ సిలిండర్ గదిలో చక్కగా కూర్చుంటుంది, మ్యాగ్నమ్ తూటా .38 గదిలో పట్టదు. మావాడికి నేను చెప్పబోయే సలహా మొత్తం ఈ ఒక్క ఏర్పాటు మీదే నిలబడి ఉంది.

ఆ తూటాకి పేరొచ్చింది పొడుగు గొట్టాల మీద. మొట్టమొదటి రివాల్వర్లకి ఎనిమిది ముప్పావు అంగుళాల గొట్టం దాకా పెట్టారు. నెమ్మదిగా కాలే మందు అంత పొడుగునా గుండుని తోసుకుంటూ పోవాలి. గొట్టాన్ని రెండంగుళాలకి కోసేస్తే మందు శక్తిలో కొంత గొట్టం బయట, గాల్లో పోతుంది. నాలుగంగుళాల గొట్టంలోంచి సెకనుకి 1,240 అడుగుల వేగంతో పోయే గుండు, రెండంగుళాల్లోంచి వచ్చేసరికి సుమారు 200 అడుగుల వేగం పోగొట్టుకుంటుంది. ఆ పోయిన శక్తి ఏమవుతుంది? రాత్రిపూట కళ్లు బైర్లు కమ్మే మంటవుతుంది, చెవులు దిమ్మెక్కే మోతవుతుంది. కారు డోరు పక్కన, చీకట్లో, భయంతో ఉన్నవాడికి అసలు కావలసినవి కళ్లూ చెవులూ. ఈ మంటా మోతా వాటినే ముందు తీసేసుకుంటాయి.

ఇక బరువు. వాడు ముచ్చటపడిన మోడల్ తక్కెడలో 335 గ్రాములు. స్కాండియం కలిపిన అల్యూమినియం, టైటానియం సిలిండర్, ఐదు తూటాలు. జేబులో ఉన్నట్టే తెలియదు. అదే తూటా పేల్చే రూగర్ ఎస్పీ 101 పూర్తి ఉక్కు, 700 గ్రాముల పైన. తూటా ఒకటే అయినప్పుడు తుపాకీ బరువు సగమైతే చేతికి తగిలే తన్ను రెట్టింపు. ఇది న్యూటన్ లెక్క, ఏ కంపెనీ ప్రకటనా మార్చలేదు. నాటు తుపాకీతో పందులు తోలే మా వేరుశనగ రైతు ఎవడైనా ఈ సంగతి చెబుతాడు: తేలికపాటిది మోయడానికి సుఖం, పేల్చడానికి కష్టం. ఆ తేలిక రివాల్వర్లలో ఇంకో చిక్కు. ఒక తూటా పేలిన ఊపుకి పక్క గదుల్లోని తూటాల గుండ్లు పట్టు వదిలి ముందుకు జారతాయి, సిలిండర్ తిరగకుండా ఇరుక్కుంటుంది. ఇక టైటానియం సిలిండర్ త్వరగా అరిగిపోకుండా, మరీ తేలిక గుండున్న తూటాలు వాడొద్దని దాని మీదే హెచ్చరిక ఉంటుంది.

"అయితే మ్యాగ్నమే వద్దంటావా?"

వద్దనలేదు. మ్యాగ్నమ్ గది ఉన్నది కొను, ఉక్కుది కొను, అందులో .38 వేసి పేల్చు అన్నాను. ఉక్కు రివాల్వర్‌లో .38 తన్ను తక్కువ, నెలకి నూరు పేల్చినా మణికట్టు నొప్పి పుట్టదు. ఒక్కసారి మ్యాగ్నమ్ పేల్చి భయపడి, తరవాత రెండేళ్లు డ్రాయర్‌లో పెట్టేసేవాళ్లే ఎక్కువ. చేతికి అలవాటు కాని ఆయుధం పక్కవాడికి దొరికితే వాడిదైపోతుంది.

మా నాయన నాకు నేర్పిన పాఠం ఒకటుంది, దానికి తూటా ఖర్చు లేదు. ముందు గొట్టాన్ని గోడ వైపు తిప్పి తుపాకీ మడత విప్పేవాడు. మా కాన్పూరుది పాత వెబ్లీ పద్ధతి: పైన గొళ్లెం నొక్కితే గొట్టం కిందికి వాలి, ఆరు గదుల్లో ఉన్నవన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి. ఉన్న తూటాలన్నిటినీ అరచేతిలోకి రాల్చి, లెక్కపెట్టి, ఇంట్లో ఇంకో గదిలో పెట్టి వచ్చేవాడు. లెక్కపెట్టడం ఒకసారి కాదు, నా చేత ఇంకోసారి. ఆ తరవాత ఖాళీ గదుల్లో పేలిపోయిన పాత ఇత్తడి గుల్లలు వేసి, హ్యామర్ సూది వాటి మీద పడేలా చేసి, గొట్టం పైన ఒక రూపాయి బిళ్ల ఆనించేవాడు. "ట్రిగ్గర్ నొక్కు, బిళ్ల పడకూడదు." హ్యామర్ ముందే వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కాలంటే దాదాపు ఐదు కిలోల బలం పట్టాలి. వేలు ఒక్కటే కదలాలి, మిగిలిన చెయ్యి రాయిలా ఉండాలి. మొదటి పదిరోజులు ఆ బిళ్ల నేల మీదే ఉండేది. అమ్మ వంటింట్లోంచి, "మళ్లీ పడింది" అని లెక్క చెప్పేది. నేను ఆ పాఠాన్ని వీడియో కాల్‌లో మావాడికి చూపించాను, వంటింటి అట్లకాడ పట్టుకుని. రివాల్వర్ ఠాణాలో ఉంది కదా.

జేబు విషయంలో మావాడి లెక్క తప్పు. జేబులో రివాల్వర్ ఉంటే ఆ జేబులో ఇంకేదీ ఉండకూడదు, తాళంచెవి కూడా. అది ట్రిగ్గర్‌లో చిక్కుకుంటే చాలు. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి ఒర జేబులో కూడా కావాలి. హ్యామర్ కొమ్ము బయటికి ఉన్నవి గుడ్డకి తగులుకుంటాయి కాబట్టి కొమ్ము లేనివో, లోపలికి దాచినవో చూసుకోవాలి. మన ఎండల్లో అయితే చెమట ఇంకో శత్రువు. తోలు ఒరలో పెట్టి బీరువాలో పడేస్తే తోలు తేమ పట్టి ఉక్కు తుప్పు, ఇత్తడికి పచ్చ చిలుము. మా నాయన ఆదివారం మధ్యాహ్నం ఒరని విడిగా, రివాల్వర్‌ని విడిగా గుడ్డ మీద పరిచి, కుట్టుమిషను నూనె చుక్క వేసి తుడిచేవాడు. పాత కాలపువి అయితే హ్యామర్ కింద ఉండే గది ఖాళీగా వదలడం క్షేమం. ఆరు గదులుంటే ఐదు తూటాలే. ఆ పద్ధతి ఆయన చివరిదాకా మానలేదు.

మా పక్క ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు కనబడతాయి. పశువుల్ని కాపాడుతూ పోయినవాళ్లకీ, ఊరి కోసం పోరాడి పోయినవాళ్లకీ నిలబెట్టిన రాళ్లు. చాలావాటి మీద వీరుడి నడుముకి చిన్న బాకు ఉంటుంది, ఎడమనో కుడినో, చెయ్యి చాచితే అందేచోట. శిల్పి దాన్ని దాచలేదు, అందరికీ కనబడేలా చెక్కాడు. గుమ్మనాయకనపాళ్యం, గుడిబండ కోటల కాలం దాకా నడుముకి ఆయుధం హోదా కూడా. ఆ ఆలోచన మనలో ఇంకా చావలేదు. పెళ్లిళ్లలో గాల్లోకి పేల్చేవాళ్లు అందుకే ఉన్నారు. 2019 సవరణతో ఆ సరదాకి రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మన 2016 ఆయుధ నియమాలు చెప్పేది నేరుగా ఈ చూపించుకునే ఆలోచనకి ఎదురు. చేతితుపాకీ బహిరంగ ప్రదేశంలో తీసుకుపోవాలంటే ఒరలోనో సంచీలోనో, పూర్తిగా కప్పబడి, తన అదుపులో ఉండాలి. చూపించి ఊపితే లైసెన్సే పోవచ్చు. అమెరికాలో దాచి మోయడం చాలా రాష్ట్రాల్లో హక్కుల గొడవ. మనకి చేతికి లైసెన్సొచ్చాక దాచడమే నియమం. దాచడానికి తగిన కొలత మాటకొస్తే, కాన్పూరు వాళ్లు 2023లో తెచ్చిన 'ప్రబల్' 50 మీటర్ల దూరం కొడుతుందని పత్రికలు రాశాయి. నాకు నచ్చింది మాత్రం సిలిండర్ పక్కకి తెరుచుకోవడం, 76 మిల్లీమీటర్ల గొట్టం. అంటే మూడంగుళాలు. రెండు కాదు, నాలుగూ కాదు. పంచె మడతలోనో, ప్యాంటు నడుములోనో ఇమిడి, గుండుకి కాస్త దారి మిగిల్చే కొలత అది.

ఇదంతా చెప్పాక మావాడు కాసేపు మాట్లాడలేదు.

"మామా, మూడించీల ఎస్పీ 101 ఉంది. బరువు కిలోకి ముప్పావు. నడుము నొప్పి పుడుతుందేమో."

"మీ తాత గూళ్ల డబ్బు మూట కూడా మోసినాడప్పా దాంతో పాటు."

జూన్‌లో ఓట్ల లెక్కింపు అయిపోయాక నేను రసీదు పట్టుకుని ఠాణాకి వెళ్లాను. రిజిస్టర్‌లో నెంబరు చూసి, బీరువా తెరిచి, గుడ్డలో చుట్టి ఉన్నదాన్ని నా ముందు పెట్టారు. గొళ్లెం నొక్కి వాల్చి చూసుకున్నాను. గొట్టం మొదట్లో సన్నగా ఎర్రటి తుప్పు గీత. ఇంటికొచ్చి నూనె సీసా వెతుకుతుంటే ఫోన్లో వీడియో వచ్చింది: టెక్సాస్ వంటింటి బల్ల, ఉక్కు రివాల్వర్, దాని గొట్టం మీద వణుకుతున్న ఒక క్వార్టర్ డాలర్ బిళ్ల. బిళ్ల పడింది. వెనక నుంచి వాడి పెళ్లాం గొంతు తెలుగులోనే, "పన్నెండు."