సిరంజిలో గడ్డ, గుండెలో గడ్డ ఒకటేనా?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో మా పొరుగున ఉండే రిటైర్డు గార్డుగారు కోల్‌కతా వెళ్ళి యాంజియోగ్రాం చేయించుకొని వచ్చారు. "రంగు ఎక్కించారు బాబూ. అది రక్తాన్ని పలచన చేస్తుందట, గడ్డకట్టే భయమే లేదు" అన్నారు. మరోచోట దీనికి పూర్తిగా ఎదురు మాట విన్నాను: కొత్త రకం మందు రక్తాన్ని గడ్డకట్టిస్తుందని. రెండు వాదాలకూ కొంత ఆధారం ఉంది, రెండూ దాన్ని మించి మాట్లాడుతున్నాయి.

ముందుగా, అది రంగు కాదు. ఎక్స్-కిరణాలను అడ్డుకునే అయొడిన్ గల స్వచ్ఛమైన ద్రావణం. పాతరకం మందులు నీటిలో అయానులుగా విడిపోతాయి. కణాల సంఖ్య పెరిగి, గాఢతను బట్టి వాటి ఆస్మొలాలిటీ రక్తం కంటే 5 నుంచి 7 రెట్లు ఉంటుంది. స్వీడన్ వైద్యుడు టోర్‌స్టెన్ ఆల్మేన్ 1960లలో సూచించిన అయానేతర మందులు అలా విడిపోవు. వాటిలో ఇది 2, 3 రెట్లే.

అయొడిన్ మందులన్నీ ఫైబ్రిన్ దారాలు అల్లుకోకుండా కొంత అడ్డుపడతాయి. అయానిక మందులు ఎక్కువగా, అయానేతరాలు తక్కువగా. అందుకే 1987లో 'రేడియాలజీ' పత్రికలో, అయానేతర మందు ఉన్న సిరంజిలలో రక్తపు గడ్డలు కనిపించాయన్న నివేదిక రాగానే కలవరం పుట్టింది. కానీ బ్రేకు సరిగా పట్టకపోవడం వేరు, ఇంజను బండిని తోయడం వేరు కదా! సిరంజిలోకి వెనక్కు వచ్చి కదలక నిలిచిన రక్తం, ధమనిలో పారే రక్తం ఒకటి కావు. అయితే ఈ వాదాన్నీ మరీ సాగదీయకూడదు: 1990లలో కొన్ని ప్రయోగాల్లో అయానేతర మందులు ప్లేట్‌లెట్లను ఉత్తేజపరచడం కనిపించింది.

మరి రోగుల మాటేమిటి? 2000లో ఐయోడిక్సనాల్ అనే అయానేతర మందును ఐయోక్సాగ్లేట్ అనే అయానిక మందుతో పోల్చిన రెండు పరిశీలనలు వెలువడ్డాయి. యాంజియోప్లాస్టీలో ప్రమాదం ఎక్కువగా ఉన్న 856 మందిపై జరిపిన 'కోర్ట్' పరిశీలనలో, ఆసుపత్రిలో ఉండగా తీవ్ర సమస్యలు ఐయోడిక్సనాల్ వాడినవారిలో 5.4 శాతం, ఐయోక్సాగ్లేట్ వాడినవారిలో 9.5 శాతం. 1411 మందిపై జరిగిన 'విక్' పరిశీలనలో గుండె సమస్యల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అలర్జీ లక్షణాలు మాత్రం ఐయోడిక్సనాల్‌తో తక్కువ. సిరంజి చెప్పిన జోస్యం ఫలించలేదన్నమాట.

గార్డుగారి ధీమా కూడా నిలవదు. మందు ప్రభావాన్ని నమ్ముకొని ఏ డాక్టరూ యాంజియోప్లాస్టీ చేయడు. హెపారిన్ వంటి మందు విడిగా ఇస్తాడు, కాథెటర్‌ను సెలైన్‌తో కడుగుతూ ఉంటాడు.

మందు ఎక్కగానే ఒళ్ళంతా వేడెక్కిందని కూడా ఆయన చెప్పారు. రక్తం పలచబడినందుకు గుర్తు అదేననుకున్నారట! ఆ వేడికి ప్రధాన కారణం మందు ఆస్మొలాలిటీ. గడ్డకట్టడంతో దానికి సంబంధం లేదు.