గడియారమా, గ్రహణశక్తియా? — పఠన పరీక్షలపై ఒక విమర్శ

హైదరాబాదునకు పడమట, బీజాపూరు రహదారి వెంట మొయినాబాదు, చేవెళ్ల మండలములు కలవు. మొయినాబాదు మండలములోని చిలుకూరు బాలాజీ ఆలయమునకు విదేశవిద్య కోరు యువకులు వచ్చి, వీసా దొరకవలెనని పదకొండు ప్రదక్షిణములు చేయుటయు, కోరిక తీరిన పిమ్మట నూట ఎనిమిది చేయుటయు జగద్విదితము. అయితే వీసా కంటె ముందు దాటవలసిన గడప యొకటి కలదు. అది ఆంగ్ల పరీక్షలోని పఠన విభాగము. అచ్చట విద్యార్థిని తికమకపెట్టునది చాలమారులు ప్రశ్న కాదు, గోడమీది గడియారము.

ఈ చిక్కు విదేశములకు పోవువారికి మాత్రమే పరిమితము కాదు. న్యాయవిద్యకై క్లాట్ వ్రాయు విద్యార్థికిని, ఉపాధ్యాయ అర్హత పరీక్షలో 150 నిమిషములలో 150 ప్రశ్నలకు జవాబులు గుర్తింపవలసిన ఉపాధ్యాయునకును ఇదే చిక్కు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరమునుండి ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఇంటిలో తెలుగో, ఉర్దూవో మాటలాడు బాలుడు బడిలో రెండవ భాషలో చదివి గ్రహింపవలెను. కావున ఈ పరీక్షలు కొలుచునది దేనినో విమర్శించి చూచుట అవసరము.

కాలముతో కొలుచు అలవాటు క్రొత్తది కాదు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఫ్రెడరిక్ కెల్లీ అను విద్యావేత్త 1914-15 ప్రాంతమున ఒక మౌనపఠన పరీక్షను తయారుచేసెను. బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్షలకు అదియే ఆద్యమని చెప్పుదురు. దానికి ఇచ్చిన గడువు ఐదు నిమిషములు. ఒకే జవాబునకు ఒక ఉపాధ్యాయుడు ఎక్కువ, మరియొకడు తక్కువ మార్కులు వేయు లోపమును తొలగించుట అతని ఉద్దేశము. ఆ లోపము కొంత తొలగినది. కాని దాని స్థానమున మరియొక లోపము ప్రవేశించినది. ఎంత బాగుగా చదివెననునదియు, ఎంత త్వరగా చదివెననునదియు ఒకే అంకెలో కలిసిపోయినవి. పాలు, నీళ్లు కలిసిన తరువాత దేని పాలెంతయో అంకె చెప్పజాలదు.

చదువునపుడు కన్ను నీటివలె జారిపోదు, మిడుతవలె దుముకును. పారిసులో ఎమిల్ జావాల్ 1879 ప్రాంతమున ఈ సంగతిని వెల్లడించెను. ఆంగ్లము చదువునపుడు చూపు సుమారు ఏడెనిమిది అక్షరముల దూరము దుముకి, ఇంచుమించు పావు సెకను నిలుచును. గ్రహణము జరుగునది ఆ నిలుపులోనే. పరిచయములేని మాట వచ్చినచో నిలుపు పొడుగగును. వాక్యము బోధపడనిచో చూపు వెనుకకు మరలును. నెమ్మదికి మూలము కంటిలో లేదు, మాటల పరిచయములో ఉన్నది. ఆంగ్లము బాగుగా వచ్చిన పెద్దలు సాధారణ గద్యమును నిమిషమునకు సుమారు 240 మాటల చొప్పున మౌనముగా చదువుదురని 2019లో అనేక పరిశోధనలను క్రోడీకరించి మార్క్ బ్రిస్బార్ట్ తేల్చెను.

ఇప్పుడు చిన్న లెక్క వేసి చూడవలెను. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పఠన విభాగమున మూడు గద్యభాగములు, 40 ప్రశ్నలు, 60 నిమిషములు. మూడింటిలోను కలిపి రమారమి 2,400 మాటలు ఉండుననుకొన్నచో, నిమిషమునకు 240 మాటలు చదువువానికి పఠనము 10 నిమిషములలో ముగియును. ఒక్కొక్క ప్రశ్నకు 75 సెకనులు మిగులును. నిమిషమునకు 100 మాటలు మాత్రమే చదువువానికి 24 నిమిషములు పట్టును. అయినను ప్రశ్నకు 54 సెకనులు మిగులును. అతడు ఓడిపోవలసిన పని లేదు. కాని అతడే గాభరాపడి గద్యమునంతను రెండవమారు చదివినచో 48 నిమిషములు గడచి, ప్రశ్నకు 18 సెకనులే మిగులును. ఇచ్చట చెరుపు చేయునది నెమ్మదితనము కాదు. పరధ్యానముగా ఒకమారు చదివి, భయముతో మరల చదువుట.

క్లాట్ సంగతి వేరు. 2020 నుండి ఆ పరీక్ష గద్యభాగములపై ఆధారపడియున్నది. ఇప్పుడు 120 నిమిషములలో 120 ప్రశ్నలు; గద్యము ఇంచుమించు 450 మాటలు. ఐదు ప్రశ్నలున్న గద్యమునకు వచ్చు వంతు ఐదు నిమిషములు. వేగముగా చదువువానికి పఠనము పోను మూడు నిమిషములు మిగులును. నిమిషమునకు 100 మాటలవానికి చదువుటకే నాలుగున్నర నిమిషములు కావలెను. ఐదు ప్రశ్నలకు మిగులునది అర నిమిషము! వాని తర్కశక్తి ఎట్టిదో ఆ అర నిమిషములో ఎవరు చెప్పగలరు? రెండు పరీక్షలును కాలము పెట్టినవే. ఒకటి నెమ్మదివానికి చోటిచ్చుచున్నది. రెండవది ఇచ్చుట లేదు. పఠన పరీక్షలన్నిటిని ఒకే గాట కట్టి పొగడుటయు, తెగడుటయు తగదు.

కాలపరిమితిని సమర్థించువారి వాదమును త్రోసివేయరాదు. వేలకొలది విద్యార్థులకు ఒకేనాడు పరీక్ష జరుపునపుడు ఏదో ఒక గడువు తప్పదు. న్యాయవాదికిని, వైద్యునకును త్వరగా చదువుట పనిలో భాగమే. కాని వేగము కూడ కొలువదలచినచో ఆ మాట స్పష్టముగా చెప్పి, దానిని వేరుగా కొలుచుట ధర్మము. వికలాంగులకు గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలము ఈయవలెనని 2018లో కేంద్రప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది. గడియారము అందరిని ఒకే రీతిగా కొలువజాలదని ప్రభుత్వమే అంగీకరించినట్లయినది.

ఇక శిక్షణ కేంద్రములలో వినవచ్చు సలహాలను పరిశీలింపవలెను. "పెదవి కదలింపక, లోపల ఉచ్చరింపక, పేజీని ఒక్క చూపులో పట్టవలెను" అనునది ఒకటి. ఇట్టి వేగపఠన పద్ధతికి అమెరికాలో 1959లో ఎవలిన్ వుడ్ స్థాపించిన సంస్థ గొప్ప ప్రచారమిచ్చెను. కీత్ రేనర్, అతని సహచరులు 2016లో ఈ విషయమును సమీక్షించి, వేగమును ఎక్కువగా పెంచినచో అవగాహన తగ్గుననియు, లోపలి ఉచ్చారణ అర్థగ్రహణమునకు తోడ్పడుననియు నిర్ధారించిరి. చూపు పారించుట కొన్ని పనులకు చాలును. కాని అది చదువుటకు బదులు కాదు.

"ముందు ప్రశ్న చదివి, అందలి మాటను గద్యములో వెదకవలెను" అనునది రెండవ సలహా. ఇది సగము నిజము. ఈ ప్రాంతపు విద్యార్థులకు తెలిసిన సంగతినే ఉదాహరణగా తీసికొనవచ్చును:

"1908 సెప్టెంబరులో మూసీనదికి వచ్చిన వరద హైదరాబాదునకు ఘోరనష్టము కలిగించెను. అట్టి విపత్తు మరల రాకుండ విశ్వేశ్వరయ్యగారి సూచనలననుసరించి ఎగువన జలాశయములు నిర్మింపబడెను. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసాపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. ఇవి నగరమునకు త్రాగునీటిని కూడ సమకూర్చినవి."

"రెండింటిలో ఏది ముందు పూర్తియయ్యెను?" అని అడిగినచో మాటను వెదకు పద్ధతి పనిచేయును, అంకెలు కంటికి తగులును. "వీటి నిర్మాణమునకు ప్రేరణయైనది ఏది?" అని అడిగి, జవాబులలో "త్రాగునీటి కొరత", "నదీప్రళయము" అని ఇచ్చినచో, వెదకువాడు "త్రాగునీరు" అను మాటను చివరి వాక్యములో చూచి దానినే గుర్తించును. "ప్రళయము" అను మాట గద్యములో లేదు గదా! మొదటి వాక్యమునుండి క్రమముగా చదివినవాడు మాత్రమే వరదయే ప్రళయమని గ్రహించును. వెదకి పట్టు ప్రశ్న వేరు, చదివి పట్టు ప్రశ్న వేరు. ఈ భేదమును నేర్పని సలహా కాలమును మిగుల్చును గాని మార్కును మిగుల్చదు.

ఉపాధ్యాయులకు ఖర్చులేని ఉపాయము ఒకటి కలదు. అపరిచిత గద్యమును ఇచ్చి, గడువు ముగియువరకు నీలిసిరాతోను, గంట కొట్టిన తరువాత ఎఱ్ఱసిరాతోను జవాబులు వ్రాయింపవలెను. నీలిసిరా మార్కులు ఒక అంకె. రెండును కలిపిన మార్కులు మరియొక అంకె. రెంటికిని భేదము లేక, రెండును తక్కువైనచో లోపము భాషలో ఉన్నది. గడియారముపై నింద మోపి లాభము లేదు. భేదము పెద్దదైనచో విద్యార్థికి తెలివి ఉన్నది, వేగము లేదు. మొదటివానికి మాటలు, వాక్యనిర్మాణము నేర్పవలెను. రెండవవానికి తెలిసిన విషయములపై సులభ గ్రంథములు విరివిగా చదివింపవలెను. మాట పాతబడిన కొలది చూపు నిలుపు తగ్గును. ఇద్దరికిని ఒకే మాదిరి నమూనా పత్రములు పంచుట ఇద్దరికిని అన్యాయమే.

పరీక్షనాడు విద్యార్థి పాటింపదగినవి కొన్నియే. గద్యమును ఒక్కమారు, శ్రద్ధగా, పేరా పేరాకు ఆగి సారాంశమును మనసులో చెప్పుకొనుచు చదువవలెను. మొండికెత్తిన ప్రశ్నకు గుర్తు పెట్టి ముందుకు సాగవలెను. తప్పునకు కోతలేని ఐ.ఇ.ఎల్.టి.ఎస్. వంటి పరీక్షలలో ఏ గడిని ఖాళీగా విడువరాదు. తప్పునకు పావు మార్కు కోసివేయు క్లాట్ వంటి పరీక్షలలో, నాలుగు జవాబులలో రెండింటినైనను త్రోసివేయగలిగినపుడు ఊహించుట లాభకరము.

పరీక్ష విధానమును మార్చుట చేవెళ్లలోనో, మొయినాబాదులోనో ఉన్న ఒక ఉపాధ్యాయుని చేతిలో లేదు. మార్కును ఎట్లు చదువవలెనో నిర్ణయించుకొనుట మాత్రము అతని చేతిలోనే ఉన్నది. నలుబదికి ఇరువది వచ్చిన విద్యార్థిని మందమతి యని తీర్మానించుటకు ముందు, గంట కొట్టునప్పటికి వాడు ఎన్నవ ప్రశ్న దగ్గర ఉండెనో అడిగి తెలిసికొనవలెను. ఇరువదవ ప్రశ్న దగ్గర ఉండి, ఇరువదింటికిని సరియైన జవాబులు వ్రాసియున్నచో, వాడు ఓడిపోయినది పఠనములో కాదు.