ఓలి, కట్నము, కన్యాదానము: అష్టవిధ వివాహముల పట్టికపై ఒక పరిశీలన

మనుస్మృతి మూడవ అధ్యాయములో ఎనిమిది వివాహ రీతులు చెప్పబడ్డాయి: బ్రాహ్మము, దైవము, ఆర్షము, ప్రాజాపత్యము, ఆసురము, గాంధర్వము, రాక్షసము, పైశాచము. మన బోధలలో ఈ పట్టికను మెట్ల వరుసగా చూపి, మొదటి నాలుగింటిని క్రైస్తవ వివాహానికి దగ్గరివనీ, తక్కినవి అనాగరికమనీ చెప్పడం కద్దు. ఈ పఠనము సరికాదు. మధిర మొదలు భద్రాచలం అడవుల వరకు సేవచేయు కాపరులకు ఇది హానికరము కూడా.

మొదటిది, ఇతిహాసములే ఈ పట్టికకు లొంగవు. స్వయంవరమునకు ఎనిమిదింటిలో చోటు లేదు. భద్రాచలంలో ఏటా శ్రీరామనవమినాడు సీతారామ కల్యాణము జరుగుతుంది. ఆ కథకు మూలమైన వాల్మీకి బాలకాండలో జనకుడు సీతను 'వీర్యశుల్క' అంటాడు. అనగా పరాక్రమమే ఆమెకు చెల్లించవలసిన శుల్కము. కన్యను అప్పగించునప్పుడు ఆయనే 'సహధర్మచరి' అంటాడు. ఇది ప్రాజాపత్యానికి దగ్గరి మాట. మహాభారత ఆదిపర్వములో భీష్ముడు కాశీరాజు కుమార్తెలను బలిమిని తెస్తాడు, మాద్రి కొరకు శల్యునికి ధనమిస్తాడు. ఒకే ఇంట రాక్షసము, ఆసురము రెండూ ఉన్నాయి.

రెండవది, ఈ పట్టిక దేనిని కొలుస్తున్నది? కన్యను అలంకరించి దానమిస్తే బ్రాహ్మము; వరుడు కన్యకును ఆమె బంధువులకును ధనమిచ్చి చేసికొంటే ఆసురము. ఎవరు ఇచ్చారు, ధనము ఎటు నడిచింది అన్నదే ఇక్కడ ప్రధానము. కన్య ఇష్టము గాంధర్వములో తప్ప ఎక్కడా లెక్కకు రాదు.

ఈ కొలత ప్రకారం కోయల పెండ్లిలో వరునివారు ఇచ్చే ఓలి 'ఆసురము' అవుతుంది. అయితే మన తెలుగు బైబిలులో ఆదికాండము 34:12, నిర్గమకాండము 22:16 వాడిన మాట ఓలియే. రాహేలు కొరకు యాకోబు చేసిన కొలువు కూడా ఆ కోవలోనిదే. ఓలిని నీచమని మాన్పించి, నాగరికత పేరిట కట్నమును సంఘములోనికి రానిస్తే మనము సాధించినదేమిటి? 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ప్రకారం కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమే.

అట్లని ఓలిని ఆదర్శముగా నిలుపలేము. గురజాడ 'కన్యాశుల్కం' (ప్రదర్శన 1892, ముద్రణ 1897) ధనాశతో పసిపిల్లలను ముసలివారికి అమ్మిన ఇండ్లను మన ముందుంచింది. షెకెము సైతం దీనాను చెరిపిన తరువాతనే ఓలి ఎంతైనా ఇస్తానన్నాడు. ఆ బేరములో దీనాను ఎవరూ అడుగలేదు.

రిబ్కాను మాత్రం అడిగారు (ఆదికాండము 24:57-58). ఓలి, కట్నము, దానము అను పేర్ల కన్న ముందు మనము పట్టుకోవలసిన కొలత ఇదే. కావున కాపరి సంఘములో పెండ్లి ప్రకటన చదువక మునుపు, పెద్దల ఎదుట కాక, ఆ అమ్మాయిని విడిగా, ఆమె ఇంటి భాషలో అడుగవలెను. ఆమె కాదంటే ప్రకటన చదువరాదు.