చందనంలో నిలిచిన పువ్వు

పాతబస్తీలో చార్మినార్ నుంచి గుల్జార్ హౌజ్ దాకా, అక్కణ్ణుంచి పత్తర్‌గట్టీ రాతి కమాన్ల కింద నడుస్తుంటే అత్తరు దుకాణాలు తగులుతూనే ఉంటాయి. ఒకప్పుడు ఆ అరల్లో ముందువరుస గులాబ్‌ది, ఖస్‌ది, హినాది, శమామాది. ఇప్పుడు ముందుకొచ్చినవి ఊద్, తెల్ల కస్తూరి, విదేశీ పెర్ఫ్యూముల పోలికతో చేసిన నూనెలు. పాతవి వెనకవరుసలోకి జరిగాయి. అడిగితే తీస్తారు. అడగాలనే ఈ వ్యాసం, ఎందుకంటే ఆ వెనకవరుస సీసాల్లో ఉన్న పనితనం చాలా గొప్పది.

పువ్వు వాసన గాలికి పోయేది. దాన్ని పట్టి ఉంచే ఆధారం ఒకటి కావాలి. పోర్చుగల్‌లో పోర్ట్ వైన్ చేసేవాళ్లు ద్రాక్షరసం పూర్తిగా పులిసేలోపే అందులో బ్రాందీ పోస్తారు. పులియడం ఆగుతుంది, తీపి మిగులుతుంది, వైను ఏళ్లతరబడి నిలుస్తుంది. మన అత్తరులో మద్యసారం చుక్క కూడా ఉండదు. నమాజుకు వెళ్లేవాళ్లు నిశ్చింతగా రాసుకునేది అందుకే. ఇక్కడ పువ్వును నిలబెట్టే పని మంచిగంధం నూనెది. అభిరుచి మారడంలోనూ అలాంటి వైన్లకు, ఈ అత్తరుకు పోలిక ఉంది. బ్రిటన్‌లో ఒకప్పుడు ఇంటింటా తాగిన తియ్యటి షెర్రీ వైనుకు గిరాకీ పడిపోయి, తెలిసి తాగేవాళ్ల మనసు తీపిలేని ఫినో షెర్రీ వైపు మళ్లింది. కాకపోతే అక్కడ రుచి ఘాటు నుంచి సున్నితానికి నడిస్తే, మన దగ్గర సున్నితం నుంచి ఘాటుకు నడిచింది.

పాతబస్తీ దుకాణాలకు పాతకాలపు అత్తర్లు ఎక్కువగా ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ నుంచి వస్తాయి. అక్కడి బట్టీలో పెద్ద రాగి పాత్రను దేగ్ అంటారు. తెల్లవారకముందే కోసిన గులాబీలను అందులో నీళ్లతో కలిపి నింపి, మూత చుట్టూ మట్టి, దూది కలిపిన ముద్దతో మూసేస్తారు. మూతలోంచి చోంగా అనే వెదురు గొట్టం బయలుదేరి, నీళ్ల తొట్టిలో కూర్చున్న భప్కా అనే రాగి బుంగలోకి దిగుతుంది. భప్కాలో ముందే చందన తైలం ఉంటుంది. దేగ్ కింద కట్టెల మంట. పూల ఆవిరి గొట్టం గుండా వచ్చి, చల్లబడి, చందనంలో కలుస్తుంది.

థర్మామీటరు ఉండదు, గడియారం ఉండదు. పనివాడు భప్కా మీద చెయ్యి పెట్టి వేడి చూస్తాడు. దేగ్‌లో మరుగుతున్న చప్పుడు వింటాడు. మంట కాస్త ఎక్కువైతే పువ్వు మాడిన వాసన వస్తుంది, తగ్గితే ఆవిరి కదలదు. కట్టె లాగాలా, తడిగుడ్డ వెయ్యాలా అన్నది అతని అరచెయ్యే చెబుతుంది. నూనె, నీరు విడిపోయాక నీటిని వంచేసి, అదే చందనంలోకి మర్నాడు కొత్త పూల ఆవిరి పట్టిస్తారు. ఇలా రోజుల తరబడి, ఇక తాగలేనన్నంతదాకా చందనం పువ్వును తాగుతుంది. తర్వాత తోలు కుప్పీల్లో పోసి ఉంచుతారు. మిగిలిన తడి తోలు గుండా ఆవిరైపోతుంది, నూనె లోపలే నిలుస్తుంది.

ఈ పద్ధతిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది మిట్టీ అత్తరు. కాల్చిన మట్టి పెంకులను దేగ్‌లో వేసి తొలకరి వాసనను చందనంలోకి దించుతారు. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ ఆ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అదే వాసనను మనవాళ్లు అప్పటికే సీసాలో పెట్టి అమ్ముతున్నారని వాళ్లూ గుర్తించారు.

శమామా దారి వేరు. అందులో పువ్వు పాత్ర తక్కువ, దినుసులదే పెత్తనం: రాతిపువ్వు, జటామాంసి, తుంగముస్తలు, ఏలకులు, జాపత్రి. ఏ దినుసు ఎంతన్నది ఒక్కో ఇంటి రహస్యం. రాతిపువ్వు, జాపత్రి మన మసాలాల్లోనూ పడేవే కాబట్టి హైదరాబాదీ ముక్కుకు శమామా మొదటిసారే పరిచయమున్నట్టు తోస్తుంది. ఒంటికి వెచ్చదనమని దీన్ని, హినాను చలికాలంలో రాస్తారు. ఎండలకు ఖస్, అంటే మన వట్టివేరు, ఇంకా గులాబ్, మిట్టీ. ఋతువును బట్టి సీసా మార్చే ఈ అలవాటు సన్నగిల్లడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మారడానికి కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. 1970ల నుంచి పాతబస్తీ కుర్రాళ్లు గల్ఫ్‌కు పనులకు వెళ్లారు. సెలవులకు వచ్చినప్పుడు ఊద్ నూనె, బఖూర్ పొగ వెంట తెచ్చారు. నిజాం సైన్యంలో చేరిన హద్రమీ అరబ్బుల వారసులుండే బార్కస్ బస్తీకి ఆ వాసన కొత్తేమీ కాదు. మిగతా బస్తీలకు అది సంపాదనకు, పెళ్లికళకు గుర్తయింది. రెండో కారణం చందనం. చెట్టులో చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. అడవుల్లో చెట్లు తగ్గాయి, తైలం ధర చుక్కలనంటింది. దాంతో చాలామంది తయారీదారులు చందనం బదులు వాసనలేని పారఫిన్ నూనెలో పరిమళాలు కలపడం మొదలుపెట్టారు. పేరు గులాబే, లోపల ఆధారం మాత్రం లేదు. అలాంటి గులాబ్ రాసుకుని, పాత అత్తర్లలో పస లేదని తేల్చేసినవాళ్లను తప్పుపట్టలేం.

ఊద్‌ను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. అది పుట్టేది అగరు చెట్టులో. ఆ చెట్టుకు బూజు సోకితే, దాన్ని తట్టుకోవడానికి చెట్టు నల్లటి జిగురును ఊరిస్తుంది. ఆ చెక్కను చిన్న ముక్కలుగా కొట్టి, రోజుల తరబడి నానబెట్టి బట్టీ పెడతారు. అదీ ఓపికతో కూడిన పనే. ఆ చెట్టు మన అస్సాంది కూడా. హోజాయ్ పట్టణం ఆ వ్యాపారానికి పేరుపడ్డది. అడవి చెట్టును విపరీతంగా నరకడం వల్ల 1995లో దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ వచ్చింది. అసలు ఊద్ తులం కొనగలిగేవాళ్లు కొద్దిమందే. తక్కువ ధరకు దొరికేదంతా ప్రయోగశాల ఊద్. అది రాసిన క్షణమే గదంతా నిండుతుంది, తర్వాత అదే వాసన మారకుండా సాగుతుంది. చందనం మీద కట్టిన అత్తరు అలా కాదు. మొదట పువ్వు, గంటకు పువ్వు వెనక కట్టె, సాయంత్రానికి చర్మంతో కలిసిపోయిన మెత్తటి తీపి. ఒక్క సీసాలో మూడు వాసనలు.

దుకాణదారు చూపే నేర్పు ఇక్కడే తెలుస్తుంది. సన్నపుల్లకు చుట్టిన దూదితో చేతి వెనక ఒక గీత గీస్తాడు. వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోబోతే, ‘అభీ నక్కో, జరా ఠహ్రో భాయ్’ అని ఆపుతాడు. రుద్దనివ్వడు. ఇంకో రకం కావాలంటే వేరే చోట గీస్తాడు, ఒకదాని మీద ఒకటి పడనివ్వడు. వచ్చినవాళ్ల వయసు, కాలం, పనిని బట్టి ఏ సీసా తియ్యాలో ఎంచుకుంటాడు. పెళ్లికైతే రెండు మూడు నూనెలు అక్కడికక్కడే కలిపి ఇస్తాడు.

పెళ్లిళ్లలో అత్తరు పట్టుకెళ్లడానికి కరీంనగర్ వెండితీగ పనివాళ్లు చేసిన అత్తరుదానులు ఇంకో అపురూపం. వెంట్రుకంత సన్నం లాగిన వెండి తీగలను మెలిపెట్టి, అతికి, ఆకులుగా పూలుగా అల్లుతారు. ఆ విద్యకు 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

రంజాన్ రాత్రుల్లో రద్దీ ఎక్కువ, నిలబడి వాసన చూసే తీరిక దొరకదు. డిసెంబరులో ఓ మధ్యాహ్నం వెళ్లి చందనం మీద చేసిన శమామా ఉందా అని అడగండి. చేతిమీద గీయించుకుని లాడ్ బజార్ అంతా ఓసారి తిరిగిరండి. అప్పటికి వేళ్లకు జిడ్డు తగలకుండా చర్మంలో ఇంకి, వాసన ఇంకా మారుతూ ఉంటే, మూడు మిల్లీలీటర్ల సీసా అయినా కొనండి.