మంచితో మొదలయ్యే కాగితం

కాగితానికి ఒక్క వైపు పట్టే 25 వాక్యాలు. ఒక్కోదాని పక్కన మూడు గడులు: నిజం కాదు, కొంతవరకు నిజం, పూర్తిగా నిజం. లండన్‌లో పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రకటించిన ఈ ప్రశ్నావళి పేరులోనే బలాలు ముందు, ఇబ్బందులు తర్వాత. బడిపిల్లల మనసులో నలతను పసిగట్టడానికి ఎన్నో దేశాల్లో వాడే ఎస్‌డీక్యూ ఇదే.

నన్ను కట్టిపడేసింది దాని కూర్పు. మొదటి వాక్యం ఎదుటివారి మనసెరిగి మెలగడం గురించి. రెండోది కాలు నిలవకపోవడం. మూడోది తరచూ తలనొప్పి, కడుపునొప్పి అనడం. బడివేళకు కడుపునొప్పి అనే పిల్లల్ని ‘నాటకాలు’ అని కసరడం మన ఇళ్లలో మామూలే. గుడ్‌మన్ ఆ నొప్పిని భయాలు, దిగులు వరుసలో చేర్చారు. నాలుగోది మళ్లీ మంచిమాట, తోటిపిల్లలతో పంచుకోవడం. దొంగతనం ఊసు 22వ చోట గానీ రాదు. అప్పటికి బిడ్డలోని మంచి గురించి తొమ్మిదిసార్లు అడిగేసి ఉంటారు. బిడ్డ మీద నేరం మోపుతున్నారనిపిస్తే ఏ తల్లీ నోరు విప్పదని తెలిసిన చెయ్యి ఇది.

మంచి స్నేహితుడు ఒక్కడైనా ఉన్నాడన్న వాక్యానికి ‘నిజం కాదు’ అంటే రెండు మార్కులు ఇబ్బందుల్లో పడతాయి. ఒంటరితనం గురించి ఇంతకన్నా మెత్తగా ఎలా అడగాలో నాకు తోచదు. దయ, సాయం గురించిన అయిదు వాక్యాల లెక్క మాత్రం వేరు; 40 మార్కుల ఇబ్బందుల మొత్తంలో అవి కలవవు. దయ తక్కువైతే అది జబ్బు కాదు కదా.

ఇదే పనికి వాడే మరో సాధనం, అమెరికాలో థామస్ అఖెన్‌బాక్ రూపొందించిన జాబితాలో వందకు పైగా అంశాలున్నాయి. 1999లో రెండింటినీ పోల్చినప్పుడు, ధ్యాస నిలవకపోవడాన్ని ఈ చిన్న కాగితమే మెరుగ్గా పట్టింది.

అయినా ఇది జల్లెడే, రోగనిర్ధారణ కాదు. మార్కులు చూసి బిడ్డకు జబ్బు పేరు తగిలించే బడి దీన్ని పాడుచేస్తున్నట్టే. అందుకే కాబోలు, గుడ్‌మన్ 1999లో దీనికి ఇంకొన్ని ప్రశ్నలు జోడించారు: ఇబ్బంది ఎన్నాళ్లుగా ఉంది, బిడ్డను బాధపెడుతోందా, స్నేహాలకూ చదువుకూ ఆటలకూ అడ్డొస్తోందా. తల్లిదండ్రులు నింపే ప్రతిలో చివరి ప్రశ్న బిడ్డను దాటి వస్తుంది. ఇదంతా మీకూ ఇంటిల్లిపాదికీ బరువవుతోందా అని అడుగుతుంది.