ఇసుకలో వేలు

అక్షరాలు నేర్పడానికి మనవాళ్లు పెట్టుకున్న మాట ‘దిద్దించడం’. పంతులు ఒక అక్షరం గీస్తాడు, దానిమీదే పిల్లవాడి వేలు పదిసార్లు, ఇరవైసార్లు నడుస్తుంది. తప్పును సరిచేయడాన్నీ మనం దిద్దడమే అంటాం. చదువు మొదలైన చోటే సవరణ కూడా మొదలవుతుందని ఈ మాట కట్టినవాళ్లకు తెలుసేమో.

బాసరలోనో ఇంట్లోనో అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు రాయిస్తాం. ఫొటోలు దిగి, పలకలు పంచి వచ్చేస్తాం. అది ఒక్కపూట వేడుక. వీధిబడిలో మర్నాటి నుంచి ఏం జరిగేదో తెలియాలంటే పాత కాగితం ఒకటి తిరగెయ్యాలి.

మన్రో మద్రాసు గవర్నరుగా ఉండగా జిల్లాల్లోని బడుల లెక్క అడిగాడు. బళ్లారి కలెక్టరు ఏ.డి.కాంప్‌బెల్ 1823లో జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ ఈయనే. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. మొత్తం 533 బడులు, వాటిలో తెలుగువి 226. ఐరోపాలో పిల్లలు అక్షరాలను ముందు పలుకుతారు, ఇక్కడ ముందు ఇసుకలో వేలితో రాస్తారు అన్నది ఆయన గమనించిన తేడా. వేలు తిరిగాక తాటాకు, గంటం. లేదంటే కలం, కాగితం. ఎక్కువగా వాడింది మాత్రం బొగ్గుపొడి పూసిన చెక్కపలక, గంజిపెట్టిన గుడ్డను మడతలు వేసి చేసిన కడితం. వాటిమీద రాసేది బలపంతోనే. ఆ మాట ఆయన ఇంగ్లీషులో కాస్త వంకరపోయినా గుర్తుపట్టవచ్చు.

అక్షరాల తర్వాత గుణింతం. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం అంటూ ప్రతి గీతకూ ఒక పేరుంది. ‘క’కు గుడిస్తే ‘కి’, కొమ్మిస్తే ‘కు’. పిల్లవాడి నోరు చెబుతుంటే చెయ్యి కడుతుంది, కన్ను సరిచూస్తుంది. ఒక్క ‘క’తో తెలిసిన కిటుకు ‘హ’ దాకా పనిచేస్తుంది. మొండికేసేవీ ఉన్నాయి: ‘వ’కు కొమ్ము పక్కన తగిలిస్తే ‘మ’లా అయి కూర్చుంటుంది, అందుకని దాన్ని అడుగునుంచి తిప్పాలి. ఈ సంగతి ముందే చెప్పే పంతులు దొరికిన పిల్లలు అదృష్టవంతులు.

ఇందులో లోటు లేదా అంటే, ఉంది. క, చ, ట, త, ప అన్న వరస గొంతు నుంచి పెదవుల దాకా వచ్చే ధ్వనుల వరస. చెవికి అందంగా ఉంటుంది గానీ, చేతికి అంత సులువు కాదు. ‘వ’, ‘మ’ అక్కచెల్లెళ్లలా ఉన్నా వరసలో పక్కపక్కన ఉండవు. బొమ్మ నుంచి పదానికి, పదం నుంచి అక్షరానికి వచ్చే ఇప్పటి వాచకాలు ఈ చిక్కును కొంత తీర్చాయి. అర్థం తెలియకుండా పద్యాలు వల్లెవేయించడం కాంప్‌బెల్‌కే నచ్చలేదు. అప్పటి బడుల్లో ముందొచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వరసగా పెరుగుతూ పోయేవి. చివర వచ్చినవాడి సంగతి ఊహించుకోవచ్చు. ఇక ఆడపిల్లలైతే ఆ గడప తొక్కినవాళ్లే బహు తక్కువ.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పడాన్ని మాత్రం ఆయన మనసారా మెచ్చుకున్నాడు. అంతకుముందే మద్రాసు ఎగ్మూరులో ఆండ్రూ బెల్ ఇసుక రాతనూ ఈ పిల్ల పంతుళ్ల పద్ధతినీ తన బడిలో నడిపి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’ పేరుతోనే పాకింది.

ఆ పలక, ఆ కడితం తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమయ్యేవి. ఇసుకకు అరచెయ్యి చాలు. ఇప్పుడు ఎల్‌కేజీ పిల్లవాడికి మొదటిరోజే గీతల నోటుబుక్కు ఇస్తున్నాం. వాడు వంకరగా గీసిన మొదటి ‘అ’, దానిపక్కన టీచరు ఎర్రసిరా ఇంటూ, సాయంత్రం వాళ్లమ్మ చూసేదాకా అలాగే ఉంటాయి.